'ఓన్లీ' గురించి మేనకోడలికో ఉత్తరం

కర్నూలు

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. క్షేమంగా బెంగళూరు చేరావని మీ నాన్న చెప్పాడు.

మొన్న పండక్కి వచ్చినప్పుడు నేను వరండాలో వేరుశెనగకాయలు ఒలుస్తున్నాను, నువ్వు స్తంభానికి ఆనుకుని మీ మేనేజరుతో ఫోనులో మాట్లాడుతున్నావు. వినకూడదనే అనుకున్నాను. కానీ 30 ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పిన చెవులు ఊరుకుంటాయా? "ఐ యామ్ ఇన్ కర్నూల్ ఓన్లీ సార్" అన్నావు. కాసేపాగి "అవర్ హౌస్ ఈజ్ ఫోర్ట్ బ్యాక్‌సైడ్ ఓన్లీ" అన్నావు. ఒలిచే కాయ నా చేతిలోనే ఉండిపోయింది.

ఎగతాళి చేస్తున్నానని అనుకోకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తనిఖీకి వచ్చిన పెద్దాయన లైబ్రరీ ఎక్కడని అడిగితే, నేనూ ఇలాగే "స్కూల్ బ్యాక్‌సైడ్ ఓన్లీ సార్" అన్నాను. ఆయన నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. 'బ్యాక్‌సైడ్' అనే మాటకు ఇంగ్లీషువాళ్ల దగ్గర మనిషి కూర్చునే భాగమని అర్థం ఉన్నట్టు సాయంత్రం నిఘంటువు తిరగేస్తే గాని తెలియలేదు. నీకా అవస్థ రాకూడదనే ఈ ఉత్తరం.

ఆ ఓన్లీ మనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? మన ఏకారం నుంచి. కర్నూలులోనే, కోట వెనకే, భోజనం తర్వాతే. మాట చివర తగిలే ఆ చిన్న 'ఏ' ఒకసారి 'అక్కడ మాత్రమే' అంటుంది, ఒకసారి 'సరిగ్గా అక్కడ' అంటుంది. ఒక్కోసారి ఏమీ అనదు, మాటను కాస్త నొక్కుతుంది, అంతే. మనం మూడింటికీ ఓన్లీ అతికించేస్తాం, అదీ తెలుగులోలాగే చివర. నిజంగా 'మాత్రమే' అనాలనుకుంటే దాన్ని ముందుకు తెచ్చి "ఓన్లీ ఇన్ కర్నూల్" అను. 'సరిగ్గా' అనాలంటే ఓన్లీతో పనే లేదు, "రైట్ బిహైండ్ ద ఫోర్ట్" అను. ఊరికే నొక్కడానికైతే "ఐ యామ్ ఇన్ కర్నూల్" చాలు. మరీ మనసు ఒప్పుకోకపోతే "రైట్ హియర్ ఇన్ కర్నూల్" అను. ఇక్కడ 'రైట్' అంటే కుడి కాదని, ఒప్పు కాదని నీకు చెప్పనక్కరలేదనుకుంటాను. పలికేటప్పుడు ఒత్తు దాని మీద కూడా పడాలి సుమా.

ఇక అసలు కిటుకు. క్రియావిశేషణం అనగానే బడిలో 'వేగంగా పరుగెత్తాడు' లాంటివి చెప్పి వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేశాను. నిజానికి నిత్యం మాట్లాడే ఇంగ్లీషులో 'రైట్' లాంటి ఈ చిన్న మాటలు క్రియను వదిలి ప్రిపొజిషన్‌ను, అంటే 'బిఫోర్', 'బిహైండ్' లాంటి మాటను, పట్టుకుని ఉంటాయి. ఎంత ముందు, ఎంత వెనక, ఎంత కచ్చితంగా అని కొలత చెబుతాయి. వాటిని ఎక్కడ పెట్టాలో నీకు తెలుగు ఎప్పుడో నేర్పింది. 'రైలుకు పది నిమిషాల ముందు' అంటాం కదా, ఇంగ్లీషులో "టెన్ మినిట్స్ బిఫోర్ ద ట్రెయిన్". రైలు ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లింది. కానీ పది నిమిషాలు, ముందు అనే రెండూ ఒకదాన్నొకటి వదలలేదు, వాటి వరస కూడా మారలేదు. 'ఇంటికి కాస్త పైన' అన్నా అంతే. 'కాస్త ఇంటికి పైన' అంటే నీ చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ చెవినే నమ్ముకో. పేరును చివరకు పంపించు, కొలతను మాత్రం 'బిఫోర్', 'బిహైండ్', 'అబవ్' లాంటి మాటలకు ముందు ఆనించి ఉంచు.

ఒకచోట మాత్రం తెలుగు మోసం చేస్తుంది. 'చాలా ముందు' అని తలచుకుని "వెరీ బిఫోర్" అనేస్తారు పిల్లలు. అలా కుదరదు. 'వెరీ'కి ఈ గుంపులో దాదాపుగా చోటు లేదు, 'నియర్' ఒక్కటి దాన్ని రానిస్తుంది. ఎందుకంటే 'నియర్'కు విశేషణం లక్షణాలు ఉన్నాయి, 'నియరర్', 'నియరెస్ట్' అని పెరుగుతుంది కూడా. మిగతా చోట్ల 'వెల్' వాడు. "వెల్ బిఫోర్ ద మీటింగ్", "వెల్ ఆఫ్టర్ మిడ్‌నైట్". కాలం బాగా ఎక్కువైతే "లాంగ్ బిఫోర్". భోజనమైన మరుక్షణమే అయితే "రైట్ ఆఫ్టర్ లంచ్", కాసేపటికైతే "షార్ట్‌లీ ఆఫ్టర్ లంచ్". మీ ఆఫీసులో ఈ రెండింటికీ తేడా రాకపోతే మేనేజరు ఎదురుచూస్తూ కూర్చుంటాడు.

దిక్కులు చెప్పే మాటల సొగసు వేరు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు మన ఇంటి మూడో మెట్టు దాకా నీళ్లు. దాన్ని "అప్ టు ద థర్డ్ స్టెప్" అంటే అర్థమవుతుంది. "రైట్ అప్ టు ద థర్డ్ స్టెప్" అంటే నీళ్లు మెట్టు అంచును తాకుతున్నట్టు కనిపిస్తుంది. పల్లంలో ఉన్న ఇళ్ల సంగతైతే "ఆల్ ద వే అప్ టు ద సీలింగ్". కింది నుంచి పైదాకా చూపు ఎలా పాకిందో చూశావా? అలాగే 'బ్యాక్'. "బ్యాక్ ఇన్ కర్నూల్" అన్నావంటే ఇది నువ్వు వదిలి వెళ్లిన ఊరని వినేవాడికి తెలిసిపోతుంది, విడిగా చెప్పనక్కరలేదు. సంవత్సరానికి తగిలిస్తే గతంలోకి తీసుకెళుతుంది. "బ్యాక్ ఇన్ 1953, కర్నూల్ వాజ్ ద క్యాపిటల్." ఈ వాక్యం నీ బెంగళూరు స్నేహితులకు తప్పకుండా చెప్పు, ఆంధ్ర రాష్ట్రానికి మనది రాజధాని అంటే సగం మంది నమ్మరు. "రిటర్న్ బ్యాక్" మాత్రం అనకు, 'రిటర్న్'లోనే 'బ్యాక్' ఉంది.

పట్టికలు రాసుకుని బట్టీ పట్టకు. ఎవరికైనా దారి చెప్పాల్సి వస్తే ముందు తెలుగులో అనుకో, ఏకారం ఎక్కడ పడిందో చూడు, అది మాత్రమేనా, సరిగ్గానా, ఊరికేనా అని ఒక్క క్షణం ఆగు. ఆ ఒక్క క్షణం ఫోనులో ఎవరికీ తెలియదు.

అన్నట్టు, నీ ఛార్జరు ఇక్కడే మరిచిపోయావు. ఎక్కడుందో ఇంగ్లీషులోనే చెబుతాను, మీ నాన్నకు నువ్వే తెలుగులో చెప్పి తెప్పించుకో. "అప్ ఆన్ ద టాప్ షెల్ఫ్, రైట్ బిహైండ్ ద పికిల్ జార్."

ఇట్లు
మీ అత్తయ్య