స్టెంటు వేశాక మళ్లీ బస్తాలు మోయవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. బియ్యం గోదాములో హమాలీని. రెండు నెలల క్రితం గుండెపోటు వస్తే ఒక స్టెంటు వేశారు. ఎకో పరీక్షలో గుండె పంపింగ్ 50 శాతం ఉందన్నారు. రోజూ అరగంట నడుస్తున్నాను, ఆయాసం లేదు. ముఠా మేస్త్రీ పనిలోకి రమ్మంటున్నారు. ఇంట్లో మాత్రం ఇక బరువు ముట్టుకోవద్దంటున్నారు. 50 కిలోల బస్తా మోయవచ్చా?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: మీరు చెప్పిన వివరాలను బట్టి మళ్లీ పాత పనిలోకి వెళ్లే అవకాశం మీకు బాగానే ఉంది. జన్మంతా బరువు ఎత్తకూడదని ఆంక్ష పెట్టుకోనక్కర్లేదు. అయితే నడకలో ఆయాసం రావడం లేదన్న ధైర్యంతో ఇప్పుడే బస్తా ఎత్తుకోవడానికి మాత్రం నేను ఒప్పుకోను. బరువు ఎత్తేటప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి ముక్కుతాం. ఆ కాసేపట్లో రక్తపోటు అమాంతం పెరిగి, నడకలో ఎన్నడూ పడని ఒత్తిడి గుండె మీద పడుతుంది.

ముందు మీ గుండె వైద్యుని పర్యవేక్షణలో ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. శ్రమను వైద్యులు ‘మెట్’లలో కొలుస్తారు. ఊరికే కూర్చున్నప్పుడు శరీరానికి అయ్యే శక్తి ఖర్చు 1 మెట్ అయితే, 50 కిలోలు మోస్తూ నడవడానికి సుమారు 8 మెట్‌లు కావాలి. మీ గరిష్ఠ శక్తి కూడా అంతే అయితే చాలదు. పరీక్షలో ఛాతీనొప్పి గానీ, ఈసీజీలో మార్పులు గానీ లేకుండా 10 మెట్‌ల దాకా వెళ్లగలిగితే, బస్తాకూ బస్తాకూ నడుమ తెరిపి ఇచ్చుకుంటూ పని చేయవచ్చు. ఎందుకంటే పూట మొత్తం మీద సగటు శ్రమ గరిష్ఠ శక్తిలో 40 శాతం దాటకుండా చూసుకోవాలి.

ఆ శక్తి విశ్రాంతితో రాదు, సాధనతోనే వస్తుంది. ఫిజియోథెరపీ విభాగం ఉన్న ఆసుపత్రిలో కార్డియాక్ రిహాబిలిటేషన్‌లో (గుండె రోగులకు పర్యవేక్షణలో వ్యాయామం చేయించే కార్యక్రమం) చేరి, వారానికి మూడు రోజుల చొప్పున రెండు మూడు నెలలు వ్యాయామం చేయండి. మీరు చేసేది హమాలీ పని అని అక్కడ తప్పకుండా చెప్పండి. తేలిక బరువులతో మొదలుపెట్టించి, కొద్దిగా నింపిన సంచి మీద ఊపిరి వదులుతూ ఎత్తడం నేర్పిస్తారు. మీరు గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర వాడుతుంటే నాడి వేగం శ్రమను సరిగా చూపించదు. కాబట్టి పక్కవాళ్లతో మాట్లాడలేనంత రొప్పు వస్తే శ్రమ మితిమీరినట్టే.

పనిలోకి వెళ్లాక కొన్ని వారాలు ఒంటిపూటే చేయండి. బస్తా వీపు మీదకు ఇద్దరు ఎత్తిపెట్టేలా, లారీ పై వరుసలకు ఎగవేసే పని వేరొకరికి అప్పగించేలా మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి. ఎండాకాలం మధ్యాహ్నాలు మానుకోండి. రక్తం పలచబడే మాత్రలను డాక్టరు చెప్పనిదే ఒక్క పూట కూడా ఆపకండి. ఛాతీ బిగిసినట్టున్నా, చల్లని చెమట పట్టినా బస్తా అక్కడే దించేసి 108కు ఫోన్ చేయించండి.