ఎల్‌ఎల్‌ఎంకి ఎల్‌శాట్ అక్కర్లేదు, ముందు ట్రాన్‌స్క్రిప్టుల పని చూడండి

ఉస్మానియాలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ పూర్తయింది, న్యూయార్క్‌లో ప్రాక్టీస్ చేయాలనుంది, కన్సల్టెన్సీ వాళ్లేమో అమెరికా లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ రాయందే సీటు రాదంటున్నారు అని రాశారు. ఆ టెన్షన్ పక్కన పెట్టండి. ఎల్‌శాట్ గొడవంతా అక్కడి తొలి లా డిగ్రీ అయిన మూడేళ్ల జేడీకి. లా డిగ్రీ ఉన్నవాళ్లు చేరే ఏడాది మాస్టర్స్, అంటే ఎల్‌ఎల్‌ఎంకి, సాధారణంగా అది అడగరు. టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్, ఒక వ్యాసం, సిఫారసు లేఖలు అడుగుతారు.

అసలు చిక్కంతా ట్రాన్‌స్క్రిప్టులతోనే, అంటే యూనివర్సిటీ ఇచ్చే అధికారిక మార్కుల పత్రాలతో. చాలా కాలేజీలు వాటిని లా కాలేజీల దరఖాస్తులు చూసే సంస్థ ఎల్‌శాక్ ద్వారా తీసుకుంటాయి. అక్కడ ఖాతా తెరిచి, ట్రాన్‌స్క్రిప్ట్ రిక్వెస్ట్ ఫారం ప్రింట్ తీసి ఉస్మానియా ఎగ్జామినేషన్ బ్రాంచికి పట్టుకెళ్లండి. ట్రాన్‌స్క్రిప్టులు పెట్టే కవర్లోనే ఫారం కూడా పెట్టించండి. కవరు అతికించిన చోట సంతకం, స్టాంపు పడ్డాయో లేదో దగ్గరుండి చూసుకోండి. యూనివర్సిటీయే నేరుగా పంపాలి, మీ దగ్గరున్న మెమోలు స్కాన్ చేసి పెడితే ఒప్పుకోరు. పేరున్న కాలేజీల గడువులు డిసెంబరు చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి ఆగస్టులోనే కదలండి.

లక్షల్లో అప్పు చేసే ముందు ఒక్క మాట. అక్కడ లాయరు కావడానికి రాయాల్సిన న్యూయార్క్ బార్ పరీక్షకు ఎల్‌ఎల్‌ఎం అందరికీ తప్పనిసరి కాదు. కాలేజీకి వెళ్లి మూడేళ్లు కామన్ లా (మన దేశంలోనూ ఉన్న ఇంగ్లిష్ తరహా న్యాయ పద్ధతి) చదివినవాళ్లు నేరుగా రాసే వీలు న్యూయార్క్ 520.6 నిబంధనలో ఉంది. మీ అర్హత తేల్చమని ముందే ఆ పరీక్ష పెట్టే బోర్డుకు దరఖాస్తు పెట్టండి, జవాబుకు నెలలు పడుతుంది. లోటుందంటే అప్పుడు 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం చూసుకోవచ్చు. అయితే బార్ పాసైనంత మాత్రాన పని చేసే వీసా రాదు. అక్కడే చదివితే ఏడాది ఓపీటీకి, అంటే చదువయ్యాక పని చేసే అనుమతికి, అవకాశం ఉంటుంది, నా దృష్టిలో ఎల్‌ఎల్‌ఎంకి అదే పెద్ద కారణం.