పసిపిల్ల ఉన్న ఇంట్లో మనిషి రోబో ఉండొచ్చా? మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. మా అబ్బాయి, కోడలు డాలస్ దగ్గర ఉంటారు, ఇద్దరూ ఉద్యోగస్తులే. 2025 అక్టోబరులో వన్‌ఎక్స్ అనే కంపెనీ ఇంటిపనులు చేసే రోబోకి బుకింగులు మొదలుపెట్టగానే మావాడు 200 డాలర్లు అడ్వాన్సు కట్టేశాడట. మనవరాలికి ఇప్పుడిప్పుడే అడుగులు పడుతున్నాయి. దాన్ని చూసుకోవడానికి త్వరలో నేను వెళ్తున్నాను. ఆ మెషీన్ ఎదురు తిరిగితే పిల్ల గతేంటని నాకు టెన్షన్‌గా ఉంది. చెప్తే కొడుకు నవ్వుతున్నాడు. నాది చాదస్తమా?

జవాబు: చాదస్తం కాదమ్మా. ఇది నవ్వే విషయం కాదని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి. అయితే అది ఎదురు తిరుగుతుందన్న భయం పక్కన పెట్టి, పడిపోతే ఏమవుతుందో ఆలోచించండి.

మీవాడు బుక్ చేసిన నియో ఎత్తు సుమారు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 30 కిలోలు. రెండు కాళ్ల మీద నడిచే యంత్రం ఊరికే నిలబడి ఉన్నట్టు కనిపించినా లోపల మోటార్లు క్షణక్షణం దాని బరువును సర్దుతూనే ఉంటాయి. ఇంట్లో గ్రైండర్లో ఏదైనా ఇరుక్కుంటే వెంటనే స్విచ్ కట్టేస్తాం, అది అక్కడే ఆగిపోతుంది, గొడవ వదిలిపోతుంది. దీనికి మాత్రం ఒక్కసారిగా పవర్ తీసేస్తే మోటార్లు పట్టు వదిలేసి మొత్తం కూలబడిపోవచ్చు, ఆ సమయానికి దాని కాళ్ల దగ్గర పిల్ల ఆడుకుంటూ ఉంటే ఆ బరువంతా పిల్ల మీదే. ఇళ్లలో వాడే సేవా రోబోల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) పెట్టిన ఐఎస్ఓ 13482 అనే ప్రమాణం 2014 నుంచీ ఉంది. ఇలా బ్యాలెన్స్ చేసుకుంటూ నడిచేవాటికి అది చాలదని ఐఎస్ఓ 25785 పేరుతో ఇంకొకటి రాయడం మొదలుపెట్టారు, అదీ ముందుగా ఫ్యాక్టరీల్లో వాడే రోబోల కోసమే. అంటే నిబంధనల కంటే సరుకే ముందు ఇళ్లకు చేరుతోంది.

కంపెనీ జాగ్రత్తలేమీ తీసుకోలేదని అనడం లేదు. ఒళ్లు మెత్తగా చేశారు, వేడివి, మరీ బరువైనవి, పదునైనవి ముట్టుకోదంటున్నారు. మంచిదే. కానీ ఈ రంగంలో లోపలివాళ్లే భయపడుతున్నారని గుర్తుంచుకోవాలి. 2025 నవంబరులో ఫిగర్ అనే ఇంకో అమెరికా కంపెనీ మీద, అక్కడ భద్రతా విభాగం చూసిన ఇంజనీరే కాలిఫోర్నియాలో కోర్టుకెక్కారు. మనిషి పుర్రె పగలగొట్టేంత శక్తి తమ రోబోలకు ఉందని హెచ్చరించినందుకే ఉద్యోగం పోయిందనీ, ఒకసారి రోబో గతి తప్పి స్టీలు ఫ్రిజ్ తలుపు మీద పావు అంగుళం గాడి పెట్టిందనీ ఆయన ఆరోపణ. పనితీరు బాగోలేకే తీసేశామని కంపెనీ అంటోంది. ఎవరి మాట నిజమో తేల్చాల్సింది కోర్టు. నాకైతే ఆ ఫ్రిజ్ తలుపు మాట చదివాక పసిపిల్లలున్న ఇల్లే కళ్ల ముందు మెదిలింది.

ఇంకో సంగతి మీ అబ్బాయి మీకు చెప్పాడో లేదో. ఆ రోబోకి చేతకాని పని వచ్చినప్పుడు కంపెనీ ఉద్యోగి ఎక్కడో కూర్చుని, కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, దాని కెమెరాల్లోంచి మీ ఇల్లు చూస్తూ దాని చేతులు ఆడిస్తాడు. కంపెనీ ఇది దాచలేదు. వాల్ స్ట్రీట్ జర్నల్ విలేకరి వెళ్లి చూసినప్పుడు అది చేసిన పనులన్నీ అలా వెనక నుంచి మనిషి చేయించినవే. ఇంటివాళ్లు ఒప్పుకున్న సమయంలోనే చూస్తారు, మనుషులను మసకగా కనిపించేలా చేయొచ్చు, ఫలానా గదిలోకి వెళ్లొద్దని పెట్టుకోవచ్చు అంటున్నారు. అలాగే పెట్టించండి, ముఖ్యంగా పడగ్గదులు, బాత్రూములు. ఎందుకంటే 2020లో పరీక్ష కోసం కొందరు ఒప్పుకుని ఇళ్లలో వాడిన రూంబా చీపురు రోబోలు తీసిన ఫొటోలు, టాయిలెట్ మీద కూర్చున్న ఒకావిడ ఫొటోతో సహా, ఫొటోల్లో ఏది ఏ వస్తువో గుర్తులు పెట్టే కాంట్రాక్టు పనివాళ్ల చేతుల్లోంచి సోషల్ మీడియా గ్రూపుల్లోకి పోయాయని 2022లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక బయటపెట్టింది. అది నేల మీద పాకే డబ్బా. ఇది మనిషంత ఎత్తున, మీరు చీర మార్చుకునే గది దాకా నడిచి రాగలది.

మీరు అడిగారు కాబట్టి సూటిగా చెప్తున్నాను: పిల్లకు ఐదారేళ్లు వచ్చి, దగ్గరికి వెళ్లొద్దంటే అర్థమయ్యేదాకా ఆ రోబోని ఇంట్లోకి తేవొద్దు. కట్టిన అడ్వాన్సు తిరిగొచ్చేదే. మీవాడు వినకపోతే మాత్రం పిల్ల మెలకువగా ఉన్నంతసేపు అది కదలకూడదు, పిల్లను దాని చేతికి ఎప్పుడూ ఇవ్వకూడదు, మెట్ల దగ్గర తిరగనివ్వకూడదు. మీరు పిల్లను చూసుకునే మనిషిగా వెళ్తున్నారు, ఈ మూడూ ఒప్పుకుంటేనే వస్తానని చెప్పే హక్కు మీకుంది.

ప్రశ్న: ఇలాంటి రోబోని బయటివాళ్లు హ్యాక్ చేయగలరా? మా మావయ్య కొనాలని చూస్తున్నారు. (ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: చేయగలరు, చేసి చూపించారు కూడా. 2025 సెప్టెంబరులో యూనిట్రీ అనే చైనా కంపెనీ రోబోల్లో, జీ1 అనే మనిషి రోబోతో సహా, బ్లూటూత్ ద్వారా వైఫై సెట్ చేసే చోట పెద్ద లొసుగు ఉందని భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. రహస్యంగా ఉండాల్సిన డిజిటల్ తాళంచెవి అన్నింటిలోనూ ఒకటే, కాబట్టి దగ్గర్లో ఉన్నవాడు రోబోని పూర్తిగా తన చేతుల్లోకి తీసుకోవచ్చు, అలా చిక్కిన రోబో పక్కనున్న ఇంకో రోబోకి ఆ హ్యాక్‌ను వైరస్‌లా అంటించొచ్చు. 2024లో అమెరికాలో కొన్ని ఇళ్లలో ఎకోవాక్స్ చీపురు రోబోలను హ్యాక్ చేసి, వాటి స్పీకర్లలోంచి ఇంటివాళ్లను బూతులు తిట్టారు. చేతులు లేవు కాబట్టి తిట్లతో పోయింది. మీ మావయ్యను ధర సంగతి తర్వాత, ముందు ఈ ప్రశ్న అడగమనండి: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో రాసిస్తారా? రాసివ్వని కంపెనీది కొనొద్దు. కొన్నాక దానికి వేరే వైఫై ఇవ్వాలి, ఇంట్లో ఫోన్లు, లాప్‌టాప్‌లు వాడేది ఇవ్వకూడదు.

ప్రశ్న: నాన్నగారికి పక్షవాతం, హనుమకొండలో ఒక్కరే ఉంటున్నారు. నేను బెంగళూరులో ఉద్యోగం. సాయానికి రోబో తెప్పిస్తే ఎలా ఉంటుంది?

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. నియో ధరే 20,000 డాలర్లు, మన డబ్బుల్లో 17 లక్షల పైమాటే, మొదటి డెలివరీలు అమెరికాకే. మీరు డబ్బుకి వెనకాడరని తెలుసు, కానీ పక్షవాతం ఉన్న మనిషిని లేపి కూర్చోబెట్టడం ఇంకా వీటికి అప్పజెప్పే పని కాదు, ఇద్దరూ కలిసి పడతారు. పైగా లండన్ కింగ్స్ కాలేజీ, కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి రోబోలను నడపగల ఏఐ మోడళ్లను పరీక్షిస్తే, నడవలేని మనిషి దగ్గర్నుంచి చేతికర్ర, చక్రాల కుర్చీ లాంటివి తీసేయమన్న ఆదేశానికి కూడా సరేనన్నాయి. నాన్నగారి బతుకంతా ఆ కర్ర మీదే కదా.

పగలూ రాత్రీ ఉండే అటెండెంట్‌ని చూడండి, పాత ఇళ్లలో చేసినవాళ్లతో ఫోన్లో మాట్లాడాకే పెట్టుకోండి. బాత్రూములో గోడకు పట్టుకునే స్టీలు కడ్డీలు, మంచం నుంచి అక్కడి దాకా రాత్రిపూట వెలిగే లైట్లు, మంచం పక్కన నొక్కితే మీ ఫోనుకీ పక్కింటికీ మోగే బెల్లు, వీటికి మీరు అనుకున్న బడ్జెట్‌లో చిటికెడు కూడా కాదు. కడ్డీలు ఈ వారమే వేయించండి.