యూఎక్స్ కోసం వాదిస్తూనే ఉద్యోగంలో తృప్తి పొందడం ఎలా?

నెల్లూరులో రొయ్యల రైతుల కోసం యాప్ తయారుచేసే సంస్థలో ఏకైక యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్, అంటే వాడేవారికి యాప్ సులువుగా ఉండేలా చూడటం) డిజైనర్‌గా ఉన్నానని, తన మాట ఎవరూ పట్టించుకోవడం లేదని ప్రశ్న అడిగినవారు రాశారు.

యూఎక్స్ ఎందుకు అవసరమో సమావేశాల్లో ఉపన్యసించడం కంటే, ఒక్క ప్రోగ్రామర్‌నైనా వెంటబెట్టుకుని ఇందుకూరుపేట వైపు చెరువు గట్టుకు వెళ్లడం మేలని నా గట్టి అభిప్రాయం. రైతులు రొయ్యల పరిమాణాన్ని కౌంట్‌లో, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కలో చెబుతారు. యాప్ సగటు బరువును గ్రాముల్లో అడిగితే, 50 కౌంట్‌ను 20 గ్రాములుగా మార్చుకునే భారం, తడిచేతులతో ఎండలో నిలబడి ఫోన్ పట్టుకున్న రైతు మీద పడుతుంది. ఆ తడబాటును కళ్లారా చూసిన ప్రోగ్రామరే తర్వాత మీ తరఫున మాట్లాడతారు. ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు: ఐదుగురితో పరీక్షిస్తే వాడుకలోని లోపాల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని యూఎక్స్ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో వాదించారు. ఆ లెక్క అన్ని యాప్‌లకూ ఒకేలా వర్తించదు గానీ, మొదలుపెట్టడానికి చాలు.

తృప్తిని మాత్రం గెలిచిన వాదనలతో కొలవకండి, ఎందుకంటే యాజమాన్యం నిర్ణయాలు మీ చేతిలో ఉండవు. ఎవరి సాయమూ లేకుండా రైతులు నింపగలుగుతున్న వివరాలు ఏవో నెలనెలా రాసిపెట్టుకోండి. ఏడాది గడిచినా రైతులను కలవడానికే అనుమతి దొరకకపోతే, వేరే సంస్థ చూసుకోవడంలో తప్పేమీ లేదు.