ఇంట్లో అందరికీ కలిపి వండిన వంటలో మన వాటా కేలరీలు ఎలా లెక్కపెట్టాలి?

డైటీషియన్ రోజుకు 1500 కేలరీల ప్రణాళిక ఇచ్చారని, కానీ నలుగురికీ ఒకే గిన్నెలో వండే ఇంట్లో మీ కంచంలోకి ఎన్ని కేలరీలు వచ్చాయో తెలియడం లేదని, యాప్‌లో వెతికితే ఒకే పప్పుకు ఐదారు రకాల అంకెలు కనిపిస్తున్నాయని మీరు అడిగారు. అంతే ప్రణాళికను అత్తయ్య వండే ఇంట్లో పది నెలలుగా పాటిస్తున్నాను కనుక నా అనుభవం చెబుతాను. వంటకం పేరుతో వెతకడం మానేసి, పొయ్యి మీదికి వెళ్లకముందే సరుకును తూచి రాసుకోండి. మీ ఇంటి పప్పు, మా ఇంటి పప్పు పేరుకు ఒకటే అయినా వాటిలో పడే కందిపప్పూ, పోపులో కాగే నూనే ఒకే కొలతలో ఉండవు.

మొదటి నెలలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. 250 గ్రాముల అన్నం తూచి, యాప్‌లో ‘బియ్యం’ అని ఉన్న వరుసలో నమోదు చేశాను. వండని బియ్యం 100 గ్రాములకు దాదాపు 356 కేలరీలు కనుక ఆ పూటకు 890 చూపించింది. బియ్యం ఉడికేటప్పుడు నీరు పీల్చుకుని రెండున్నర నుంచి మూడు రెట్లు బరువెక్కుతుంది కాబట్టి 100 గ్రాముల అన్నంలో ఉండేవి సుమారు 130 కేలరీలే. అంటే నేను తిన్నది 325. ఆ సంగతి తెలియక రెండు వారాలు రాత్రిపూట గ్లాసెడు మజ్జిగతో సరిపెట్టుకుని, బడిలో మూడో పీరియడ్‌కే కళ్లు తిరిగి కుర్చీలో కూలబడేదాన్ని. నాకిచ్చిన డైట్ చార్టులో ‘ఒక కప్పు అన్నం’ అని రాసి ఉంది తప్ప ఆ కప్పులో ఎన్ని గ్రాములు పడతాయో ఎక్కడా లేదు. మీ చార్టులోనూ అలాగే ఉంటే ముందు ఆ ప్రశ్నే అడగండి. మీరు షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడుతుంటే, అన్నం తగ్గించకముందే ఆ విషయం డాక్టరుకు చెప్పాలి.

అంకెల కోసం నేను చూసేది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పదార్థాల పట్టికలు. మన బియ్యాలు, పప్పులు, ఆకుకూరలతో కలిపి 528 పదార్థాల వివరాలు అందులో ఉన్నాయి. అయితే శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. బియ్యం ఎదురుగా 1491 అని చూసి మొదట నా గుండె గుభేలుమంది, దాన్ని 4.184తో భాగిస్తేగాని మనకు కావలసిన 356 రాదు.

ఇక ఉమ్మడి గిన్నె సంగతి. ప్రతి గిన్నె ఖాళీ బరువును ఒకసారి తూచి, చెరిగిపోని మార్కరుతో అడుగున రాసి పెట్టుకున్నాను. మొన్నటి బీరకాయ పప్పుకు 150 గ్రాముల కందిపప్పు పట్టింది, దాని వల్ల దాదాపు 500 కేలరీలు. పోపుకు పోసిన నూనె 27 గ్రాములు, గ్రాముకు 9 చొప్పున 243. బీరకాయ, ఉల్లిపాయ, టమాటాలకు అంతా కలిపి 50 వేసుకున్నాను. మొత్తం 793 అయింది. దించాక గిన్నెతో సహా తూచి, ఖాళీ బరువు తీసేస్తే పప్పు 880 గ్రాములు తేలింది, అంటే గ్రాముకు 0.9 కేలరీ. నేను వేసుకున్న 150 గ్రాములకు 135 రాసుకున్నాను. చదవడానికి పెద్ద తతంగంలా అనిపిస్తుంది కానీ, అలవాటయ్యాక కుక్కరు మూడో కూత వేసేలోగా అయిపోయే పని.

నూనె దగ్గర మాత్రం ఏమరుపాటు పనికిరాదు. అత్తయ్య కంటి అంచనాతోనే పోస్తారు, గరిటె కూడా ముట్టుకోరు. నూనె తూస్తానంటే, ‘ఇంట్లో నూనెకి కూడా లెక్కలు చెప్పే రోజులొచ్చాయా అమ్మా?’ అని నొచ్చుకున్నారు. అందుకని ఆమెను ఏమీ అనకుండా నెలకు ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో చూశాను. నలుగురికి లీటరు ప్యాకెట్లు అయిదు. ప్యాకెట్టు మీద 910 గ్రాములని ఉంటుంది. 4550 గ్రాములను 9తో గుణించి, నలుగురికీ ముప్పై రోజులకూ పంచితే మనిషికి రోజుకు 340 కేలరీల చిల్లర వచ్చింది. మూకుడులో మిగిలి పారబోసేది కొంత తీసేసినా, 1500లో అయిదో వంతు నూనెకే పోతోందన్నమాట. ఆ అంకె చూపించాక అత్తయ్యే ఒక స్టీలు గ్లాసు తీసి, పొద్దున్నే ఆ రోజుకు సరిపడా నూనె అందులో పోసి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. ఆవకాయ మీద తేలే నూనె, ముద్దపప్పులో వేసుకునే నెయ్యి ఈ లెక్కలో లేవు. చెంచా నెయ్యికి 45 కేలరీలు విడిగా రాసుకోవాలి.

కాఫీలో పంచదారను చాలామంది మరిచిపోతారు. 5 గ్రాముల చెంచాకు 20 కేలరీలు; రోజుకు మూడు కాఫీలు, ఒక్కోదానిలో రెండు చెంచాలు అయితే పాలను పక్కనపెట్టినా 120.

పెళ్లి భోజనాన్ని లెక్కకట్టే ప్రయత్నం నేను చేయను. ఆ పూట పుస్తకంలో ‘పెళ్లి’ అని మాత్రమే రాసి, మర్నాడు ఉపవాసం లేకుండా మామూలు ప్రణాళికకే వెళతాను. ప్రతి ఆదివారం ఉదయం, ఏమీ తినకముందు బరువు చూసుకుంటాను. మూడు నాలుగు వారాలైనా ముల్లు కదలకపోతే నా లెక్కలో ఎక్కడో ఏదో తప్పిపోతోందని అర్థం చేసుకుని, ఒక వారం పాటు మళ్లీ అన్నీ తూస్తాను. మిగతా రోజుల్లో తూచేవి బియ్యం, పప్పు, నూనె, వేరుశనగ గుళ్లు, అంతే. తోటకూర కట్టను తూచడం రెండో నెలలోనే మానేశాను, ఎందుకంటే కట్ట మొత్తం తిన్నా అందులో వచ్చే కేలరీలు దాని పోపులో పడిన రెండు చెంచాల నూనెకు సాటి రావు.