రుద్దితే కల రాదా?

ప్రశ్న: చెక్కపై కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దే ‘ఫ్రొటాజ్’ ప్రయత్నిస్తున్నాను. చెక్క గీతలు తప్ప కలలాంటి రూపమేదీ రావడం లేదు, పైగా కాగితం చిరుగుతోంది. లోపం ఎక్కడ?

జవాబు: చిరుగుతోందంటే మొన గట్టిగా ఆనిస్తున్నారు. మెత్తగా, నల్లగా గీసే 6బి రకం పెన్సిల్‌ను పడుకోబెట్టి, మొన పక్కభాగంతో తేలిగ్గా రుద్దండి. కాగితం పల్చగా ఉండాలి. మందమైతే గరుకుతనం పైకి తేలదు.

ఇక అసలు సంగతి. 1925లో నేల చెక్కలపై దీన్ని మొదలుపెట్టిన మాక్స్ ఎర్నెస్ట్ అనే కలల్లాంటి బొమ్మల జర్మన్ చిత్రకారుడు, ఏం గీయాలో ముందే అనుకోలేదు. మీరూ ఒక్కచోటే ఆగకండి. కాగితాన్ని జరిపి, ఆకు మీదో గోనెగుడ్డ మీదో పెట్టి మళ్లీ రుద్దండి. గీతలు ఒకదానిపై ఒకటి పడితేనే చెక్క మరుగునపడి, అడవో పక్షి రెక్కో తోస్తుంది. నాలుగు వైపులా తిప్పి చూడండి. తోచిన రూపానికి అంచు మాత్రం ముదురు చేయండి. కళ్లూ ముక్కూ అన్నీ దిద్దితే మామూలు బొమ్మే అవుతుంది.