డ్రగ్స్ మోసినవాడికి ఉరి వేయాలా? మతి సరిగా లేదంటే వదిలేయాలా?

ప్రశ్న అడిగినాయన రాసింది ఇది: సింగపూర్‌లో లాగా మన దగ్గరా స్మగ్లింగ్‌కి ఉరి పెడితే గంజాయి ఆగిపోదా, దొరికినవాళ్లు మానసిక సమస్య ఉందని చెప్పి తప్పించుకుంటుంటే ఎలా ఆపాలి?

మొదటి ముక్కకి జవాబు చిన్నది. ఉరి మన చట్టంలో ఎప్పటినుంచో ఉంది. మత్తు పదార్థాలను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టానికి 1989లో 31ఎ అనే సెక్షన్ తగిలించారు. కొన్ని మత్తు పదార్థాలతో, పెద్ద మొత్తంలో, రెండోసారి నేరం రుజువైతే ఉరి, అప్పట్లో తప్పనిసరిగా. తప్పనిసరి అనడం కుదరదని 2011లో బాంబే హైకోర్టు చెప్పింది, 2014లో పార్లమెంటు కూడా చట్టం మార్చి జడ్జి విచక్షణకు వదిలేసింది. ఈ సెక్షన్ కింద ఇంతవరకు మన దేశంలో ఎవరినీ ఉరి తీయలేదు. చట్టం పుస్తకంలో ఉరి ఉన్నంత మాత్రాన మన్యంలో సీలేరు వైపు గంజాయి మొక్క పెరగడం మానలేదు.

అసలు నన్ను రాయించింది రెండో ముక్క. మానసిక సమస్య అని చెప్పి తప్పించుకుంటున్నారట. ఎవరండీ? ఒక్కడిని చూపించండి. నేను ఒకణ్ని దగ్గరగా చూశాను, మా ఇంటివాడే. వాడికి నిజంగానే సమస్య ఉంది, అది కోర్టు దాకా చేరనే లేదు.

మా మేనమామ కొడుకు, నాకు బావమరిది వరస. పేరు అనవసరం, ఇంట్లో చంటి అంటారు, పాతికేళ్లు దాటినా చంటే. పసితనంలో జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి, అప్పట్నుంచి బుర్ర ఎదగలేదు. వంద నోటు, ఐదొందల నోటు గుర్తుపడతాడు, చిల్లర ఎంత రావాలో మాత్రం తెలీదు. చూడ్డానికి నీట్‌గా ఉంటాడు, చొక్కా టక్ చేస్తాడు, ఎవరేమడిగినా నవ్వుతూ "ఆఁ" అంటాడు. అన్నం తిన్నావా అంటే ఆఁ, తినలేదా అన్నా ఆఁ. కొత్తవాళ్లకి వాడిలో ఏ లోపమూ కనబడదు, వాడి కొంప ముంచింది అదే.

వాళ్లది నర్సీపట్నం దగ్గర ఊరు. పైన చింతపల్లి, జీకే వీధి నుంచి సరుకు కిందికి దిగాలంటే ఆ దారులే దిక్కు. పని ఎలా నడుస్తుందో అక్కడ బడి పిల్లలకి కూడా తెలుసు. ముందు ఒక బైకు పైలట్‌గా పోతుంది, చెక్‌పోస్టు ఖాళీ అని ఫోన్ వస్తే వెనక సరుకు కదులుతుంది. బస్సులో పంపే సరుకైతే బ్యాగు పక్కన ఒక అమాయకుణ్ని కూర్చోబెట్టి, అసలువాడు నాలుగు సీట్లు వెనక కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. దొరికితే బ్యాగు ఎవరి పక్కనుంటే వాడిది. మా చంటిని అలా కూర్చోబెట్టినవాడు మా మామయ్యని "బాబాయ్" అని పిలిచే ఆ ఊరివాడే. బేరం మూడు వేలు, తునిలో బిర్యానీ.

దారిలో బస్సు ఆపారు. బ్యాగు ఎవరిదంటే బస్సులో ఎవరూ నోరు మెదపలేదు. ఎస్సై మావాణ్ని చూసి "నీదా?" అన్నాడు. ఆఁ. "లోపలేముందో తెలుసా?" ఆఁ. తూకం వేస్తే 22 కిలోలు. గంజాయికి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అంటే కనీసం పదేళ్ల జైలు, బెయిలు దాదాపు లేనట్టే. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు, వాటితో కలవకుండా విడిగా ఉన్న ఆకూ గింజలూ లెక్కలోకి రావు. మా దగ్గర కాడా, ఆకూ, తడీ అన్నీ కలిపి తూచారు. దాని గురించి అడిగే నాథుడు లేడు, సరే.

మధ్యవర్తుల నివేదిక (సరుకు పట్టుకున్నప్పుడు పోలీసులు సాక్షుల ముందు రాసేది) కాపీ నా చేతికొచ్చిన రోజు నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చంటి చెప్పినట్టుగా అందులో ఉన్న మాటలు ఇవి: "నేను సులభ మార్గంలో అధిక లాభార్జన చేయవలెనను దురుద్దేశంతో సదరు నిషేధిత గంజాయిని..." వాడు పుట్టాక ఒక వాక్యంలో నాలుగు మాటలు కలిపి మాట్లాడింది లేదు. లాభార్జనట! ఎన్‌డీపీఎస్ అధికారుల ముందు చెప్పినట్టు రాసుకునే ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది, పోలీసుల ముందు ఒప్పుకోలు అంతకుముందు కూడా చెల్లదు. అయినా ప్రతి ఫైల్లోనూ ఈ పేరానే, పేరు మార్చి.

జైలుకి ములాఖత్‌కి వెళ్తే జాలీ వెనక నుంచి నన్ను చూసి నవ్వాడు. ఎలా ఉన్నావురా అంటే, "బావా, ఆడు బిర్యానీ పెట్టలేదు" అన్నాడు. కంప్లయింట్ అంతా అదే. పోలీసుల మీద లేదు, జైలు మీద లేదు. బిర్యానీ పెడతానని పెట్టనివాడి మీద.

లాయరు గారు మంచాయనే. "మతి స్థిమితం మీద పోదామా, కాగితం ఉందా?" అన్నారు. కాగితం లేదు, చిన్నప్పటి ఆర్ఎంపీ డాక్టరు మందుల చీటీ కూడా లేదు. తీసుకుందాం అంటే మా అత్త అడ్డం పడింది. "ఒరే అల్లుడూ, పిచ్చోడని కోర్టులో రాయించేత్తే దీనికి సమ్మంధం ఎవలిత్తారు?" అంది, పక్కనున్న కూతుర్ని చూపించి. "గంజాయి కేసంటే నాలుగేళ్లకి మర్సిపోతారు. పిచ్చంటే వంశంలో ఉందంటారు." నేను గొంతు చించుకున్నాను, కానీ ఆవిడ లెక్క తప్పని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను, మన ఊళ్లు అలాగే ఉన్నాయి మరి. పిచ్చి నాటకం ఆడి తప్పించుకుంటున్నారని టీవీ చర్చల్లో చెప్పేవాళ్లకి ఒక విషయం తెలీదు. మన ఇళ్లలో జనం లేని పిచ్చిని చూపించరు, ఉన్న పిచ్చిని దాస్తారు.

చివరికి మామయ్య ఒప్పుకున్నాక ఇంకో తతంగం. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం స్లాట్ దొరకాలి, ఖైదీ కాబట్టి ఎస్కార్ట్ దొరకాలి, ఇవి రెండూ ఒకే రోజున కుదరాలి. స్లాట్ ఉన్న రోజున ఏదో బందోబస్తు అని ఎస్కార్ట్ లేదు. ఎస్కార్ట్ దొరికిన రోజున డాక్టరు సెలవు. (పింఛను కోసం ఇదే సర్టిఫికెట్‌కి ముసలివాళ్లు తెల్లారగట్ల నుంచి మెట్ల మీద కూర్చుంటారు, దాని గురించి వేరే జవాబు రాయాలి.) ఎట్టకేలకు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చూపిస్తే డాక్టరు గారు పేరడిగారు, ఊరడిగారు, "నేను చెప్పేవి అర్థమవుతున్నాయా?" అన్నారు. ఆఁ. స్పృహలో ఉన్నాడు, ప్రశ్నలకు సరిగా జవాబిస్తున్నాడు అని రాసి పంపేశారు. టెస్టు లేదు, ఇంట్లోవాళ్లని ఒక్క మాట అడిగింది లేదు.

ఏడాది పైన లోపల ఉన్నాక బెయిలు వచ్చింది, తర్వాత కేసూ కొట్టేశారు. శాంపిళ్లు మెజిస్ట్రేట్ ముందు తీయాల్సింది పోయి రోడ్డు మీదే తీశారని, దాని గురించి చెప్పే 52ఎ సెక్షన్ పాటించలేదని. తీర్పంతా చదివాను. మావాడి బుర్ర గురించి ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు సింగపూర్. నేను అక్కడ కొన్నాళ్లు ఉద్యోగం చేశాను. మొదటిసారి దిగినప్పుడు విమానంలో ఇచ్చిన కార్డు మీద ఎర్ర అక్షరాలతో డ్రగ్స్ రవాణా చేస్తే మరణశిక్ష అని ఉంటే మా వాళ్లు దాన్ని ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నారు. నేనక్కడ ఉండగానే 2022 ఏప్రిల్ 27న నాగేంద్రన్ ధర్మలింగాన్ని ఉరి తీశారు. మలేషియా తమిళ కుర్రాడు. 2009లో ఉడ్‌ల్యాండ్స్ చెక్‌పోస్టు దగ్గర తొడకి కట్టుకున్న పొట్లంతో దొరికాడు, 42.72 గ్రాముల హెరాయిన్. అక్కడ 15 గ్రాములు దాటితే ఉరి. వాడి ఐక్యూ (తెలివితేటల కొలత) 69, చాలా తక్కువ.

2010లో శిక్ష వేసినప్పుడు వాడి తెలివితేటల ఊసే కోర్టుకి అవసరం లేదు, ఎందుకంటే ఉరి తప్పనిసరి. 2013 నుంచి చట్టం కాస్త సడలించారు. వట్టి మోసేవాడై ఉండి, పై వాళ్లని పట్టుకోవడానికి గట్టి సమాచారం ఇచ్చాడని ప్రాసిక్యూషన్ సర్టిఫికెట్ ఇస్తే యావజ్జీవం, కొరడా దెబ్బలు. లేదా మానసిక లోపం వల్ల తన పనికి బాధ్యత వహించే శక్తి బాగా దెబ్బతిందని రుజువు చేసుకోవాలి. మొదటి దారి వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో చూడండి. పై వాళ్ల పేర్లు తెలిసినవాడు బతుకుతాడు. ఏమీ తెలియని అడుగువాడు చెప్పడానికి ఏమీ లేక పోతాడు. మా చంటిని అడిగితే బిర్యానీ గురించి చెబుతాడు.

రెండో దారిలో నాగేంద్రన్‌ని దెబ్బకొట్టింది ఒకే ఒక్క అబద్ధం అని నా నమ్మకం. చెక్‌పోస్టులో తనిఖీ తప్పించుకోవడానికి నేను సెక్యూరిటీలో పనిచేస్తున్నానని అధికారులకి చెప్పాడట. అది లాభనష్టాలు బేరీజు వేసుకున్న నేర బుద్ధి అంది కోర్టు, 2017లో ఒక బెంచి, 2019లో పై బెంచి ఆ పిటిషన్ కొట్టేశాయి. మా పక్కింటి ఐదేళ్ల పిల్లాడు లడ్డూ చేతిలో పట్టుకుని నేను తినలేదంటాడు, వాడూ లాభనష్టాలు బేరీజు వేసినట్టేనా? అబద్ధం చెప్పగలిగితే బుర్ర సరిగా ఉన్నట్టే అనేది ఎప్పుడూ బుర్ర తక్కువ మనిషితో ఒక పూట గడపని వాళ్ల తర్కం. 2021 నవంబరులో ఉరికి తేదీ పెట్టాక వాడికి కరోనా రావడంతో వాయిదా వేశారు. జబ్బుతో ఉన్నవాణ్ని ఉరి తీయకూడదట, ఐక్యూ మాత్రం అడ్డు రాలేదు. ఉరికి ముందు రోజు తల్లి స్వయంగా కోర్టులో నిలబడి వేసిన పిటిషన్ కూడా పోయింది.

ఆ వారం హాంగ్ లిమ్ పార్కులో వందల మంది కొవ్వొత్తులతో నిలబడ్డారు. మాలాంటి వర్క్ పాస్ వాళ్లు అక్కడ నిలబడకూడదు, అది విదేశీయులకి నిషేధం. లంచ్‌లో మన తెలుగాయన ఒకరు, "ఇలా కఠినంగా ఉంటారు కాబట్టే సింగపూర్ అంత క్లీన్‌గా ఉంది గురూ" అన్నారు. ఈయనే హైదరాబాద్ వస్తే కారు అద్దం దించి అరటితొక్క రోడ్డు మీద పారేస్తాడు. నాకు తెలిసినంతలో, ఉరి భయం పైన కూర్చున్నవాడికి ఖర్చు లాంటిది, మోసేవాణ్ని కొత్తగా వెతుక్కుంటాడు అంతే. పైగా శిక్ష ఎంత పెద్దదైతే అంత అమాయకుణ్నే వెతుక్కుంటాడు, తెలివైనవాడు ఆ బ్యాగు పట్టుకోడు కాబట్టి.

ఇది ఒక్క సింగపూర్‌తో పోలేదు. బ్రిటన్ పౌరుడు అక్మల్ షేక్ తాను పెద్ద పాప్ గాయకుణ్ని అవుతానని నమ్మి, నమ్మించినవాళ్లు ఇచ్చిన సూట్‌కేసుతో చైనాలో దిగాడు, అందులో 4 కిలోల హెరాయిన్. బైపోలార్ జబ్బు ఉందని ఇంట్లోవాళ్లు మొత్తుకున్నా అక్కడి కోర్టులు పరీక్ష చేయించలేదు, 2009 డిసెంబరు 29న చంపేశారు. బ్రెజిల్ వాడు రోడ్రిగో గులార్తేకి స్కిజోఫ్రీనియా అని డాక్టర్లు చెప్పారు. ఇండోనేషియాలో 2015 ఏప్రిల్ 29న కాల్చేశారు. తనని చంపబోతున్నారని చివరిదాకా అతనికి సరిగా ఎక్కలేదని పక్కనున్న చర్చి ఫాదర్ తర్వాత చెప్పారు. ఇద్దరూ సరుకు మోసినవాళ్లే.

మన చట్టం మెతకగా ఉందని అనుకునేవాళ్లకి ఇంకో మాట. ఎన్‌డీపీఎస్ 35వ సెక్షన్ ప్రకారం నిందితుడికి అన్నీ తెలుసు అని కోర్టు ముందే అనుకుంటుంది, తెలీదని సందేహానికి తావు లేకుండా నిరూపించుకోవాల్సింది వాడే. మామూలు హత్య కేసులో ప్రాసిక్యూషన్ మీద ఉండే బరువు ఇక్కడ మా చంటి నెత్తిన పెట్టారు. ఇక పిచ్చి సెక్షన్, పాత ఐపీసీ 84, ఇప్పుడు బీఎన్ఎస్ 22. అది 1843లో ఇంగ్లండులో ఒక హత్య కేసు తర్వాత పుట్టిన సూత్రం. చేస్తున్న పనేంటో, అది తప్పో కాదో తెలుసుకోలేనంత మతి పోయి ఉండాలి. సగం తెలిసినవాడికి, ఎవరేం చెప్పినా నమ్మేవాడికి అందులో చోటు లేదు. దాన్ని అడ్డం పెట్టుకుని స్మగ్లర్లు బయటపడిపోతున్నారంటే నేను నమ్మను, లెక్కలు మీరు తెండి.

ఎఫ్ఐఆర్‌లో ఏ1 (మొదటి నిందితుడు) అని ఒకడున్నాడు, మా మామయ్యని బాబాయ్ అనేవాడు. కాగితం మీద పరారీ. మొన్న సంక్రాంతికి కోడి పందేల దగ్గర కనిపించాడని ఊళ్లో అందరూ చెప్పారు. ఉరి గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఏ1ని ఒకసారి పట్టుకోమనండి.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే కేసు వచ్చేదాకా ఆగకండి. సచివాలయంలో సదరం స్లాట్ ఇప్పుడే బుక్ చేయండి, ఐక్యూ టెస్టు చేసి కాగితం మీద రాయమని పట్టుబట్టండి, చిన్నప్పటి చీటీలు, స్కూల్ రికార్డు దాచండి. రిమాండ్ రోజునే కాపీ మెజిస్ట్రేట్‌కి ఇచ్చి, ఈ మనిషి తన కేసు తాను వాదించుకోగలడో లేదో ముందు తేల్చమని లాయరు చేత పిటిషన్ వేయించండి. బీఎన్ఎస్ఎస్‌లో (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) దానికి వేరే అధ్యాయమే ఉంది. సంబంధాల మాటంటారా, మా మరదలి పెళ్లి అయిపోయింది, అబ్బాయివాళ్లకి మొత్తం ముందే చెప్పాం. కట్నం దగ్గర మాత్రం గట్టిగానే పట్టుబట్టారు.